పాపిడి పార్టీ
సెలూన్ నడిపే కత్తెర బాబాయి అందరి తలల్లో వేళ్ళు పెడతాడు గానీ, ఎవరి గొడవలోనూ వేలు పెట్టడు. కానీ ఆ వీధిలో పాపిడే పార్టీ! ఎడమ పాపిడి వాళ్ళకి కుడి పాపిడి వాళ్ళంటే ఒళ్ళుమంట.

ఒకరోజు బాబాయి అద్దంలో చూసి తికమకపడి, ఎడమ పార్టీ వీరుడికి కుడి పాపిడి తీశాడు. వాణ్ణి కన్నతల్లే గుమ్మం తొక్కనివ్వలేదు. దాంతో వీధంతా హడలిపోయి, “ఎందుకొచ్చిన గొడవ, గుండు కొట్టెయ్ బాబాయ్!” అంది.

ఆ వారమే ఎన్నికలు. పోలింగ్ రోజు బూత్ ముందు అన్నీ గుండ్లే. ఎవడు మనవాడో, ఎవడు పగవాడో తెలీక కాసేపు బిక్కమొహాలేసుకుని నిలబడి, అందరూ ఇంటిదారి పట్టారు.

“ఓటెయ్యకుండా పోతారేంట్రా?” అని బాబాయి కసిరాడు.

“ఎవడి మీద కోపంతో వెయ్యాలి బాబాయ్?”