ఒరెపుకీలో నూనె రాయి మీద పొంగించిన పాలు

నవంబరులో ఒక గురువారం మధ్యాహ్నం రెండున్నరకి హామిల్టన్ శివారు రోటోటూనాలో మా ఇంటి నుంచి బయలుదేరాను. ఈ దేశానికొచ్చి పద్దెనిమిదేళ్ళయినా దక్షిణ దీవి చిట్టచివరికి నేనెప్పుడూ వెళ్ళలేదు. చలంటే నాకు పడదు. ఈసారి మాత్రం తప్పలేదు, కారణాలు రెండు.

మా చిన్నాన్న కొడుకు శ్రీధర్ ఇన్వర్‌కార్గిల్ అవతల ఒరెపుకీ అనే ఊరి దగ్గర చిన్న డెయిరీ ఫామ్ కొన్నాడు. స్టూడెంట్‌గా వచ్చి, చదివిన చదువుకి ఉద్యోగం దొరక్క, పదేళ్ళపాటు ఊళ్ళోవాళ్ళ ఆవులు పితికి, చివరికి సొంత నేల మీద నిలబడ్డాడు. గృహప్రవేశంలో పాలు పొంగించాల్సింది ఇంటి ఆడపడుచు. ఈ దేశంలో వాడికి ఆ వరస అయ్యేది నేనొక్కదాన్నే.

రెండో కారణం వాడు ఫోన్లో చెప్పాడు. “అక్కా, మన పొలం కింద నూనె రాయి ఉందంట. కంపెనీవాళ్ళు వచ్చి టెస్ట్ డ్రిల్లింగ్‌కి సంతకం పెట్టమంటున్నారు. సోమవారం లోపు చెప్పాలి. నీకు నీళ్ళ సంగతి తెలుసు కదా, ఓసారి చూసి చెప్పు.”

హామిల్టన్‌లో నీళ్ళూ మట్టీ పరీక్షించే లాబ్‌లో నా ఉద్యోగం. రైతులు సీసాలు పంపిస్తారు, మేం తాగొచ్చో కూడదో రాసి పంపిస్తాం. “సంతకం పెట్టావా?” అనడిగాను. “లేదు, నువ్వొచ్చాకే” అన్నాడు. వాడి గొంతులో అప్పటికే సగం సంతకం అయిపోయినట్టుంది. ఆవుల్లో సగం ఇంకా లీజువే మరి. ఆ కంపెనీ ఇచ్చే అద్దెతో మంద మొత్తం సొంతం చేసుకోవచ్చని వాడి ఆశ.

నాలుగుంపావుకి హామిల్టన్ నుంచి రెక్కకో ఫ్యాను ఉండే చిన్న విమానం. టికెట్టు నూట అరవై డాలర్లు, ముందే కొనుక్కుంటే ఇంకా తక్కువకొస్తుంది. ఆరింటికి క్రైస్ట్‌చర్చ్‌లో దిగి, సిటీ బస్సులో రిక్కార్టన్ చేరి, మోటెల్లో గది తీసుకున్నాను. దోసె తిని, పక్కనే ఇండియన్ షాపులో పసుపు, కుంకుమ, కర్పూరం, రెండు కొబ్బరికాయలు కొన్నాను. కౌంటర్ దగ్గరున్న కరీంనగర్ అబ్బాయి “ఏ ఊరు వోతున్నవక్కా?” అని అడిగాడు. ఒరెపుకీ అన్నాను. “ఏడుంటదది? నేను ఆరేండ్ల సంది ఈడనే ఉన్న, ఎన్నడు వినలే” అన్నాడు. మామిడాకులు లేవని ప్లాస్టిక్ తోరణం అంటగట్టాడు.

శుక్రవారం పొద్దున ఏడున్నరకి కోచ్ ఎక్కాను. ఇన్వర్‌కార్గిల్ దాకా ఎనభై రెండు డాలర్లు, డునీడిన్‌లో బస్సు మారాలి. ఎడమవైపు కిటికీ సీటు దొరికితే సముద్రం కనిపిస్తుంది. నాకు కుడివైపు దొరికింది, గొర్రెలు కనిపించాయి. నా పక్కన షర్లీ అనే డెబ్బై ఏళ్ళావిడ స్వెటర్ అల్లుకుంటూ కూర్చుంది. నేను వెళ్తున్న పని చెబితే సూదులు ఆపింది. వాళ్ళాయన బొగ్గు గనిలో చేశాడట.

“గని తెరిచినప్పుడు బ్యాండు పెట్టారు, మేయరు వచ్చాడు. మూసినప్పుడు గేటుకి తాళం వేసి పోయారంతే. తర్వాత బడి మూశారు, ఆ తర్వాత పబ్బు” అంది. ఊలుండ సర్దుకుని, “పబ్బు మూసినప్పుడు మాత్రం మా ఆయన ఏడ్చాడు” అని మళ్ళీ అల్లిక మొదలెట్టింది.

ఒకటీ నలభైకి డునీడిన్. చీజ్ కూరిన ‘పై’ ఒకటి ఏడు డాలర్లు పెట్టి కొనుక్కుని బెంచీ మీద కూర్చుని తిన్నాను. రెండుంపావుకి రెండో బస్సు, ఆరు కావస్తుండగా ఇన్వర్‌కార్గిల్. శ్రీధర్ గమ్‌బూట్లతోనే వచ్చి యూట్ అనే తొట్టి బండిలో నా పెట్టె వేశాడు. అక్కణ్ణుంచి గంట ప్రయాణం. రివర్టన్ దాటాక సముద్రం రోడ్డు పక్కకే వచ్చేస్తుంది. చెట్లన్నీ గాలికి ఒకే వైపు ఒంగిపోయి ఉన్నాయి. ఇక్కడ గాలి వీస్తుందనడం కన్నా గాలి కాపురముంటుందనడం సబబు.

దారి పొడుగునా వాడి నోట నూనె రాయి తప్ప మరో మాట లేదు. “అక్కా, ఇక్కడ వందేళ్ళ క్రితమే షేల్ కార్ఖానా పెట్టారంట. రాయిలోంచి కిరసనాయిలు తీశారంట.”

“మరి ఇప్పుడేదిరా ఆ కార్ఖానా?”

“మూతపడింది. కొన్నేళ్ళే నడిచింది. అప్పట్లో టెక్నాలజీ లేదు కదా.”

టెక్నాలజీ లేక మూతపడిందో, లెక్క కుదరక మూతపడిందో వాడు వెతకలేదు. బయటి నుంచి చవగ్గా నూనె వస్తున్నప్పుడు రాయిని కాల్చి నూనె పిండుకునేవాడు ఎక్కడైనా దివాలా తీస్తాడు. ఆ మాట అంటే ముఖం చిన్నబుచ్చుకున్నాడు, ఇంటికెళ్ళాక మాట్లాడదామని ఊరుకున్నాను.

ఇల్లు చిన్నది, చెక్క ఇల్లు. ఇంటి వెనక పాలు పితికే షెడ్డు, దాని పక్కన వాగు. వాగు పై పొలం నుంచి దిగి వస్తుంది, ఆవులకి తాగేది ఆ నీళ్ళే. వాడి భార్య సునీత నన్ను గుమ్మంలోనే కావలించుకుని, “వదినా, మీరైనా ఆయనకి నచ్చచెప్పండి. నా మాట చెవికెక్కట్లేదు” అంది. ఏడేళ్ళ కూతురు ఆద్య నాకో నల్లటి పలక రాయి తెచ్చి చూపించి, “స్మెల్ ఇట్ అత్తా” అంది. మంచం కింద దాచిన పాత దీపంలా కిరసనాయిలు కంపు కొట్టింది.

భోజనాల దగ్గర నాకు తెలిసింది చెప్పాను. ఈ రాయిలో నూనె బావిలో నీళ్ళలా ఊరి ఉండదు, రాయిని తవ్వి, నలగ్గొట్టి, కొలిమిలో వేసి కాలిస్తే దిగుతుంది. కాల్చడానికే బోలెడు ఇంధనం కావాలి, నీళ్ళు కావాలి. నూనె పోయాక రాయి ఉబ్బి, తవ్విన గొయ్యిలో కూడా పట్టనంత చెత్తగా మిగులుతుంది. దాని మీద వాన పడితే కారే నీళ్ళు ఎటు పోతాయో వాగు వాలు చూస్తే తెలుస్తుంది.

“కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే కదరా.”

“ఇప్పుడు టెస్ట్ హోల్సే కదక్కా. గనేం కాదు కదా.”

“ఎలుక లేదని తేలితే వాళ్ళు పోతారు. ఉందని తేలితే?”

వాడు పెరుగన్నం గట్టిగా పిసికాడు. “పదేళ్ళక్కా. పొద్దున నాలుగున్నరకి లేచి, మంచులో, వేరేవాళ్ళ ఆవుల పేడలో. ఒక్కసారి నాకేదైనా కలిసొస్తే నేను వద్దనాలా?” అన్నాడు. వాడి కష్టం నేను ఫోన్లో విన్నదే తప్ప చూసింది కాదు.

శనివారం. ఆక్లాండ్ పంతులుగారు తెల్లవారుజామున ముహూర్తం పెడితే, ఆవులు పితికే టైమండీ అని బతిమాలి తొమ్మిదీ నలభైకి మార్పించుకున్నారట. పొద్దున పితుకుడు అయ్యాకా, మధ్యాహ్నం మూడింటి పితుకుడు కాకముందూ, ఇక్కడ దేవుడికైనా ఆ మధ్య టైమే దొరుకుతుంది.

నేను తలంటుకుని వచ్చేసరికి వంటింట్లో స్టవ్ ఖాళీగా ఉంది. శ్రీధర్ పెరట్లో ఇటుకలు పేర్చి, మనూకా చెట్టు ఎండుపుల్లల మీద ఆ నల్లరాళ్ళు పేరుస్తున్నాడు. ఈ నెలలో ఆరుబయట నిప్పు పెట్టడానికి అడ్డేమీ లేదని ముందే కనుక్కున్నాడట.

“ఏంట్రా ఇది?”

“మన భూమిలో పుట్టిన రాయి మీద మన ఆవుపాలు పొంగితే అంతకన్నా శుభం ఏముంటుందక్కా? భూదేవి ఇచ్చింది.”

శుభకార్యంలో కాదనకూడదంటారు. అక్కనై ఉండి, లాబ్‌లో పనిచేస్తూ కూడా, నేను కాదనలేదు. తప్పు నాది కూడా.

పై పొలం ఆయన గ్రాహం స్కోన్లనే చిన్న రొట్టెలు పట్టుకుని వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, నాలుగు తరాలుగా ఇక్కడివాళ్ళే. ఆయన ముత్తాత ఆ పాత కార్ఖానాలో కూలికి వెళ్ళేవాడట. రాయి అంటుకుని పొగ లేవగానే, “మా తాత చెప్పే వాసన ఇదే. బట్టలు ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదట” అన్నాడు.

రాయి భేషుగ్గా మండింది, దాని మీద చెడు చెప్పడానికి లేదు. పసుపు రాసిన వెండి గిన్నెలో పాలు పోసి, దణ్ణం పెట్టుకుని, నేనే కూర్చున్నాను. కళ్ళు మండి నీళ్ళు కారాయి, సునీత అది ఆనందం అనుకుందట. పాలు తూర్పు వైపు పొంగాయి. అందరం గోవింద కొట్టాం. ఆ పాలతో పరమాన్నం వండి నైవేద్యం పెట్టి, తలా కాస్త చేతిలో వేసుకున్నాం.

ఆద్య నోట్లో పెట్టుకుని, “నాన్నా, ఇట్ స్టింక్స్” అంది. సునీత కళ్ళెర్రజేసింది, ప్రసాదాన్ని అలా అనకూడదని. నేను మింగాను. నాలుక మీద కిరసనాయిలూ, గంధకమూ. గ్రాహం మర్యాదస్తుడు, మింగి, గబగబా స్కోన్ అందుకున్నాడు.

నేను చూసింది శ్రీధర్‌ని. రోజూ టాంకర్ రాకముందు పాల తొట్టి మూత ఎత్తి వాసన చూడటం వాడి పని. ఉల్లి వాసన తగిలినా, డీజిల్ వాసన తగిలినా ఫ్యాక్టరీవాళ్ళు ఆ పూట పాలన్నీ పారబోయిస్తారు. వాడి ముక్కు వాడికి అన్నం పెడుతోంది. ప్రసాదం నోట్లో పెట్టుకుని మింగలేదు, ఉమ్మలేదు. అలాగే దవడకి పెట్టుకుని షెడ్డు వైపు చూశాడు. గాలి తిరిగింది. పొగ సూటిగా షెడ్డు మీదికి పోతోంది.

మింగి, పంచె ఎగ్గట్టి పరిగెత్తాడు. గొట్టం లాక్కొచ్చి నీళ్ళు కొడితే నిప్పు ఆరింది గానీ కంపు రెట్టింపయింది. లోపల రగిలిన రాళ్ళు రెండు గంటలు పొగలు చిమ్మాయి. పొయ్యిలోంచి బూడిదరంగు నీళ్ళు వాగు వైపు కారుతుంటే సునీత పారతో అడ్డంగా మట్టి వేసింది. పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపి, నీళ్ళు ఆగేదాకా వేసింది.

తర్వాత వెండి సామాను నా ముందు పెట్టింది. గిన్నె నల్లబడిందంటే మసి అనుకోవచ్చు. పది అడుగుల దూరంలో ఉన్న కుంకుమభరిణె, దీపం కుందులు కూడా నల్లగా మాడిపోయినట్టున్నాయి. “వదినా, నిన్న సాయంత్రమే విబూది పెట్టి తోమాను” అంది. గంధకపు వేడి బుగ్గలుండే రోటోరూవా వెళ్ళేటప్పుడు వెండి పట్టీలు తీసేసి వెళ్ళాలని మా హామిల్టన్‌లో అందరికీ తెలుసు. గంధకం గాలి చేసే పని. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ మాట అప్పుడు చెప్పాను.

మూడింటి పితుకుడు పూర్తయ్యాక శ్రీధర్ తొట్టి మూత ఎత్తి తల లోపల పెట్టి చాలాసేపు వాసన చూశాడు. నన్నూ చూడమన్నాడు. పాల వాసన తప్ప ఏమీ లేదు. వాడు తొట్టికి ఆనుకుని కూర్చుండిపోయాడు.

“అరడజను రాళ్ళకే ఇట్లా ఉంటే, కొండంత కాలిస్తే ఎట్లా అక్కా?”

“అదేరా నేను రాత్రి చెప్పింది.”

“నువ్వు చెప్తే లెక్కలాగుంది. నోట్లో పడితే తెలిసింది.” కంపెనీవాళ్ళు సంతకం పెట్టమన్న కాగితం తెచ్చి సునీత చేతికిచ్చాడు. “పెట్టను. ఆవులు ఇంకో పదేళ్ళకి సొంతమైతే అవుతాయి” అన్నాడు. సునీత ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆ రోజుకి నాకు నిజంగా ఆనందం వేసింది అప్పుడే.

ఆదివారం పొద్దున పదిన్నరకి నా బస్సు. ఎనిమిదింటికి బయలుదేరుతుంటే గ్రాహం గేటు దగ్గరికి వచ్చాడు. టోపీ చేతిలో పట్టుకుని శ్రీధర్‌తో అన్నాడు.

“నువ్వు సంతకం పెట్టలేదని విన్నాను. నేను శుక్రవారమే పెట్టేశాను. నిన్న చెప్దామనుకున్నా, మీ పండగ పాడవుతుందని ఊరుకున్నా.”

టోపీ అటూ ఇటూ తిప్పుతూ అన్నాడు, “మోకాళ్ళు పోయాయి, ఇంకెన్నాళ్ళు పితకను. వాళ్ళు కొన్నాళ్ళు తవ్వి పోతారులే. మా ముత్తాత రోజుల్లోనూ పోయారు.”

“పోతారు. తవ్వి పోసింది ఇక్కడే వదిలేసి పోతారు” అన్నాను. ఆయన అవునన్నట్టు తలాడించాడు. మనిషి మంచివాడు, అందుకే ఇంకా కోపం వచ్చింది. వాగు పుట్టేది ఆయన పొలంలో. వద్దనే హక్కు మా వాడికి కంచె వరకే ఉంది, నీళ్ళకి కంచె లేదు.

నేను యూట్ దిగి, షెడ్డులో పాల శాంపిళ్ళకి పెట్టుకున్న సీల్ తీయని సీసాలు ఆరు తెమ్మన్నాను. వాగు పొలంలోకి వచ్చేచోట మూడు, పొలం దాటేచోట మూడు పట్టాం. తేదీ, టైము రాసి, చిన్న ఐసు పెట్టెలో సర్దాను. అందుకని ఇన్వర్‌కార్గిల్‌లో బస్సు తప్పిపోబోయింది, డ్రైవరు దయతలచి రెండు నిమిషాలు ఆగాడు.

ఇటు రావాలనుకునేవారికి నాలుగు మాటలు. గాలి ఆగే జాకెట్టు తెచ్చుకోండి, గొడుగు దండగ. ఒరెపుకీకి బస్సు లేదు, ఇన్వర్‌కార్గిల్‌లో కారు తీసుకోవాలి. బీచ్‌లో రంగురాళ్ళు ఏరుకోవచ్చు, బాగుంటాయి. పాత కార్ఖానా ఎక్కడని అడిగితే ఊళ్ళోవాళ్ళు గడ్డి పొలం వైపు చెయ్యి చూపిస్తారు. నేను చూసినంతలో ఆ నేల మళ్ళీ నేలలా కనబడటానికి ఒక మనిషి జీవితకాలం చాల్లేదు.

ఆ రాత్రి క్రైస్ట్‌చర్చ్‌లో ఆగి, పొద్దున మొదటి విమానంలో ఐసు పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్క సీటాయన చేపలా అనడిగాడు. నీళ్ళన్నాను. ఆయన మోచెయ్యి కాస్త అవతలికి జరుపుకున్నాడు.

హామిల్టన్‌లో దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా లాబ్‌కే వెళ్ళాను. రెండు రోజులకి ఫలితాలొచ్చాయి. గంధకం, నూనె, సీసం, అన్నీ చూశాను. శ్రీధర్‌కి ఫోన్ చేశాను.

“ఏమైనా ఉందా అక్కా?”

“ఏమీ లేదురా. మంచి నీళ్ళు.”

ఇన్నేళ్ళుగా ఆ మాట ఎంతమంది రైతులకి రాశానో లెక్కలేదు, రాసినప్పుడల్లా సంతోషంగానే రాశాను. ఈసారి రిపోర్టు మీద తేదీని ఇంకాస్త పెద్ద అక్షరాలతో కొట్టి, రెండు కాపీలు తీసి, ఒకటి వాడికి పంపాను. మా వాగు ఒకప్పుడు ఇలా ఉండేదని చూపించాల్సిన రోజు వస్తే, వాడి చేతిలో ఆ కాగితం ఉండాలి.