దూలానికి కొట్టిన రిబ్బను

మా బైషుర్ ఊళ్ళో సెమోన్ పేరు ఎత్తితే ఇప్పటికీ "అబ్బో, పెద్దమనిషి!" అంటారు. అననివ్వండి, నా సొమ్మేం పోయింది! ఆ పెద్దమనిషి నాకు సొంత అన్న. నేను చెప్పబోయేది మాత్రం మా తమ్ముడు పర్ఫేన్ సంగతి. ఒకడి గురించి చెబితే రెండోవాడు రాక తప్పదు, ఏం చేస్తాం, ఒకే కడుపున పుట్టారు.

పర్ఫేన్ చిన్నప్పటినుంచి కుదురులేని మనిషి. విమానాల బడిలో చేరానని కబురు పంపితే మా అమ్మ పిండి చేతులతోనే నెత్తి కొట్టుకుంది. "నేల మీద నడవడమే చేతకాదు వీడికి, గాల్లో ఏం నడుస్తాడే ఓగాష్!" అంది నాతో. అని, ఆ రోజంతా వాకిట్లోకి వచ్చి ఆకాశం చూస్తూనే ఉంది.

యుద్ధం వచ్చింది. రష్యాలో మా ఉద్మూర్తు జాతివాళ్ళలో పటాలానికి వెళ్ళేవాడు ఇంటి దూలానికి తన చేత్తో ఒక రిబ్బను మేకుతో కొట్టి వెళ్ళాలి. తిరిగొచ్చాక తన చేత్తోనే తీసుకోవాలి. ఇంకొకరు ముట్టుకోకూడదు. మనిషి పోయాడని రూఢిగా తెలిస్తేనే ఇంట్లోవాళ్ళు తీస్తారు. అది దూలానికి ఉన్నంతకాలం వాడు ఇంటిదారిలో ఉన్నట్టే లెక్క. పర్ఫేన్ ఎర్ర రిబ్బను తెచ్చాడు. చెయ్యి అందలేదు. సెమోన్ అన్నయ్యే వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నాడు.

"కదలకు అన్నయ్యా, ముసలి గుర్రంలా ఊగుతున్నావు!"

"విమానం తోలేవాడివి, ఈ మాత్రం ఎత్తుకే వణుకుతున్నావేంట్రా? కొట్టు, కొట్టు!"

ఇంటిల్లిపాదీ నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రెండేళ్ళకు విమానం కూలిందనీ మనిషి జాడ లేదనీ కబురొచ్చింది. ఊరంతా రిబ్బను తీసెయ్యమంది. అమ్మ వినలేదు. "వాడి శవాన్ని చూసినవాడెవడైనా ఉంటే రమ్మనండి, అప్పుడు తీస్తా" అంది. తరువాత ఇంకో కబురొచ్చింది. పర్ఫేన్ బతికే ఉన్నాడట. శత్రువుల చెరలోంచి పారిపోయి మనవాళ్ళ దగ్గరికి వచ్చాడట. మనవాళ్ళు వాణ్ణి ద్రోహి అని ఉత్తరాన గనులకు పంపారట. బతికున్నాడని ఏడవాలో, ద్రోహి అన్నారని ఏడవాలో అమ్మకు తెలియలేదు.

సెమోన్ అప్పటికి ఊరి సమష్టి క్షేత్రానికి అధ్యక్షుడు. పట్నం నుంచి అధికారులొచ్చి క్లబ్బులో ఊరందరినీ కూర్చోబెట్టారు. అన్నయ్య లేచి నిలబడి, "పర్ఫేన్ అనే తమ్ముడు నాకు లేడు. వాడు కూలిపోలేదు, వాడంతట వాడే శత్రువుల దగ్గరికి దిగాడు" అన్నాడు. ఇంటికొచ్చి, బల్ల ఎక్కి, రిబ్బను పీకి పొయ్యిలో పడేశాడు. అమ్మ చూస్తూనే ఉంది. నేను ఏటికి అవతల అత్తవారింట్లో ఉన్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ పొయ్యిలో అన్నయ్యనే పడేసేదాన్ని.

అమ్మ పోయేముందు ఇదంతా నాకు చెప్పింది. ఇంకో సంగతి కూడా చెప్పి, "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది తల్లీ. పర్ఫేన్ వచ్చి అడిగితే చూపించు. అడక్కపోతే ఊరుకో" అంది.

యుద్ధం ముగిసిన చాలా ఏళ్ళకు, మంచు కరిగి దారులన్నీ బురదైన రోజుల్లో పర్ఫేన్ తిరిగొచ్చాడు. గుమ్మం దాటుతూనే తల ఎత్తి దూలం చూశాడట. మేకు కన్నం తప్ప ఏమీ లేదు.

"అన్నయ్యా, నా రిబ్బనేది?"

"అమ్మ తీసేసిందిరా. నువ్వు పోయావనుకుంది. ముసలిది, ఎంతకని ఎదురుచూస్తుంది?"

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. పర్ఫేన్ మూట తీసుకుని పెరట్లో ఉన్న ఆవిరిస్నానాల పాకలోకి వెళ్ళిపోయాడు. తల్లే చచ్చాడనుకున్నవాడు ఆ దూలం కింద పడుకోకూడదు కదా.

పుట్టింటి పక్కనుండే మర్ఫా వచ్చి చెబితే, పులిసిన పిండి అట్లు నాలుగు గుడ్డలో చుట్టుకుని పడవ మీద ఏరు దాటాను. వాణ్ణి చూసి గుర్తుపట్టలేదు. విమానం కూలినప్పుడు కాలిన చేతులు రెండూ ముడతలు పడి ఉన్నాయి. పళ్ళు సగం లేవు. అట్టు తుంచి నోట్లో పెట్టుకుని, నమలకుండా చప్పరిస్తూ చెప్పాడు.

"చెరలో ఉండగా బొగ్గు దింపడానికి తీసుకెళ్ళేవాళ్ళక్కా. ఒకరోజు ఖాళీ అయిన రైలుపెట్టెలో అడుగున మిగిలిన పొడిని మీదికి లాక్కుని పడుకున్నాను. రైలు కదిలింది. దూకాక అంతా ఊబినేల. పచ్చి దుంపలు తిన్నాను, కప్పల్ని తిన్నాను. మనవాళ్ళ టోపీలు కనబడగానే చేతులెత్తి పరిగెత్తాను. ముందు కౌగిలించుకున్నారు, రొట్టె పెట్టారు. తరవాత ఒక ఆఫీసరు వచ్చి, 'నీతో ఉన్నవాళ్ళంతా చచ్చారు, నువ్వెందుకు చావలేదు?' అన్నాడు. ఏం చెప్పను?"

"వాడి నోట్లో మన్ను పడ!"

"పోనీలే అక్కా, వాడెవడో పరాయివాడు. గనిలో కూడా నేను ఒకటే అనుకునేవాణ్ణి. దూలానికి రిబ్బనుంది, అమ్మ దాన్ని తియ్యనివ్వదు అని. అలాంటిది అమ్మే తీసేసిందంటే..." మిగతా అట్టు గుడ్డలో పెట్టేశాడు.

"ఎవడ్రా చెప్పింది నీకా మాట? లే! లే ముందు!" అని రెక్క పట్టుకుని లాక్కెళ్ళాను.

ఆ పెరట్లోనే కువాలా అనే పాత చెక్క గుడిసె ఉంది. పూర్వం పెద్దల్ని తలుచుకుని అక్కడ వండి పెట్టేవాళ్ళు. కొత్తరోజులొచ్చాక ఎవరూ లోపలికి వెళ్ళడం లేదు. పొగచూరిన దూలానికి ఒక గుడ్డపేలిక వేలాడుతోంది, మసికి నల్లబడిపోయి. అమ్మ తలగుడ్డ అంచు అది. సెమోన్ రిబ్బను కాల్చిన రోజే అమ్మ తన తలగుడ్డ చింపి, పీట మీద పీట వేసుకుని ఎక్కి, రాయితో మేకు కొట్టింది.

"చూడరా. తీసింది అమ్మ కాదు, అన్నయ్య. అమ్మ మళ్ళీ కొట్టింది."

పర్ఫేన్ దాని కింద నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చెయ్యి పైకెత్తాడు. మళ్ళీ దించేశాడు.

ఇద్దరం ఇంట్లోకి వెళ్ళేసరికి అన్నయ్య రొట్టె కోసుకుంటున్నాడు. మమ్మల్ని చూడగానే విషయం అర్థమైంది.

"నన్నేం చెయ్యమంటారు? పిల్లలున్నారు. ఆ మాట అనకపోతే నన్నూ తీసుకెళ్ళేవాళ్ళు, ఇల్లూ పోయేది. మీరైతే ఏం చేసేవాళ్ళు?" అని అరిచాడు.

"భయపడ్డావు. సరే అన్నయ్యా, నేనూ భయపడ్డాను, బొగ్గులో వణుకుతూ పడుకున్నాను. దానికి నిన్నేమీ అనను" అన్నాడు పర్ఫేన్. "కానీ చచ్చిపోయిన అమ్మ మీద ఎందుకు పెట్టావు?"

అన్నయ్య కత్తి కింద పెట్టాడు.

"క్లబ్బులో ఎవరి ముందు ఆ మాట అన్నావో, వాళ్ళ ముందే వెనక్కి తీసుకో. రిబ్బను పీకింది నేనే అని కూడా చెప్పు. ఆ రోజు ఆ పేలిక నా చేత్తో తీసుకుంటా. అంతవరకు నేను ఇంటికి రానట్టే."

అన్నాడంటే అన్నాడే. గుర్రాలశాల పక్క గదిలో ఉండిపోయాడు. గుర్రాలకు గడ్డి వేశాడు, పెళ్ళి చేసుకోలేదు. విమానం దగ్గరికి వాణ్ణి మళ్ళీ ఎవరు రానిస్తారు!

కొన్నేళ్ళకు పైన మాట మారింది. పర్ఫేన్ తప్పేమీ లేదన్నారు. పట్నం నుంచి పెద్దలొచ్చి అదే క్లబ్బులో వాడి కోటుకు పతకం పెట్టారు. ఆ బల్లల మీదే ఆ జనమే కూర్చున్నారు. సెమోన్ మాట్లాడడానికి లేచాడు. చెబుతాడు, ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు చెబుతాడు అనుకున్నాను. పర్ఫేన్ కూడా ముందుకు వంగి వింటున్నాడు.

"మా తమ్ముడు వీరుడు! మా ఇంట్లో మేం ఒక్కరోజు కూడా వాడి మీద ఆశ వదులుకోలేదు!" అన్నాడు అన్నయ్య. జనం చప్పట్లు కొట్టారు.

పర్ఫేన్ నవ్వాడు. పతకం విప్పి బల్ల మీద పెట్టి గుర్రాల దగ్గరికి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి సెమోన్‌కు ఇంకా గొప్ప. చెట్టు పేరు చెప్పుకుని కాయలమ్ముకున్నట్టు, వచ్చినవాడికల్లా వీరుడి అన్నగారినని చెప్పుకున్నాడు. పర్ఫేన్ మాత్రం ఆ పేలిక జోలికి పోలేదు. ఒకసారి నేనే ఉండబట్టలేక, "తీసుకోరా, అమ్మ కోసమైనా" అన్నాను. "అమ్మ కోసమే ఉంచానక్కా. ఆమె ఒక్కతే నిజం చెప్పింది. దాన్ని తీసేస్తే ఇక ఏం మిగులుతుంది?" అన్నాడు.

పోయిన చలికాలంలో వాడు పోయాడు. వాణ్ణి శవపెట్టెలో పడుకోబెట్టి, ఆ పేలిక తీయడానికి నేను కువాలాకు వెళ్ళాను. సెమోన్ నాకంటే ముందే వచ్చి పీట వేసుకుంటున్నాడు. ముసలివాడైపోయాడు, కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"నన్ను తియ్యనివ్వు ఓగాష్. ఆ రోజు వాణ్ణి ఎత్తుకున్నది నేనే కదా."

"దిగన్నయ్యా" అన్నాను. "నీ వంతు ఎప్పుడో అయిపోయింది."

దిగాడు. పీట నా వైపు జరిపి, నేను ఎక్కేదాకా కదలకుండా పట్టుకున్నాడు. పేలిక తీసి మసి దులిపి, పర్ఫేన్ కాలిన చేతిలో పెట్టాను.