వ్యవసాయం అని రాయించుకున్న ఊరు

మా ఊళ్లో మగవాళ్లు చాలామంది నాపరాళ్ల క్వారీకే పోతారు. అడిగితే మాత్రం ఒక్కడూ ఆ మాట చెప్పడు. అరెకరమో ఎకరమో ఉంటుంది, దాన్ని కౌలుకిచ్చి ఉంటారు, అయినా రైతే. మా ఆయనా అంతే. ఒకసారి సర్వేకి వచ్చినతను ఏం పని చేస్తారని అడిగితే, తలగుడ్డలోని రాతిపొడి దులుపుకుంటూనే "వ్యవసాయం" అన్నాడు. పక్కనే మంచానికి ఆనించి సుత్తి ఉంది. వచ్చినతను దాన్ని చూశాడు. చూసినా చెప్పిందే కదా రాసుకోవాలి.

తర్వాత కొన్నేళ్లకు ఆయన దగ్గుతోనే పోయాడు. మాచర్లలో టీబీ అని మందులిచ్చారు, తగ్గలేదు. నరసరావుపేటకు తీసుకుపోతే రాతిపొడి ఊపిరితిత్తులకు పట్టేసిందన్నారు. అప్పటికే మించిపోయింది.

ఇప్పుడు మా మరిది అదే దగ్గు దగ్గుతున్నాడు. ఆ దగ్గు నాకు తెలుసు, గోడ అవతలి నుంచి వినబడ్డా తెలుసు.

వేరే క్వారీ ఊళ్లకు ఊపిరితిత్తులు చూసే ఎక్స్‌రే బండి వస్తోందని విని, మనకెందుకు రాదని ఊరి సచివాలయానికి పోయి అడిగాను. అక్కడి అమ్మాయి కంప్యూటర్ చూసింది.

"మీ ఊళ్లో రాళ్లపని చేసేవాళ్లు లేరు పిన్నీ. అందరూ వ్యవసాయమే."

"మరి మా ఆయన దేంతో పోయాడే?"

"లెక్కలో ఉంటేనే గదా బండి పంపేది. మళ్లీ సర్వేకి నేనే వస్తన్నా. ఈసారన్నా మీవాళ్లను నిజం చెప్పమను."

తప్పు లెక్కది కాదు, మా నోటిది. నాకు సంతకం దాటి చదువు రాదు గానీ గొంతుంది. ఇల్లిల్లూ తిరిగి చెప్పాను.

"రాళ్లు కొట్టేవోళ్లమని రాయిస్తే మావోడికి పిల్లనెవరిస్తారే?" అంది ఎదురింటి అక్క.

"దగ్గేవోడికి ఇస్తారా ఏంది?" అన్నాను. ఆమె తలుపు వేసుకుంది.

మరిది ఇంకా మొండి. "మా అన్న రైతుగా పోయాడు వొదినా. నేనూ అంతే."

"రైతుగా పోలా అబ్బాయ్. ఊపిరాడక పోయాడు."

తలగుడ్డ చుట్టుకొని క్వారీకి పోయాడు. ఒప్పుకోలేదు.

సచివాలయం అమ్మాయి సర్వేకి వచ్చిన రోజు నేను మరిది ఇంటికి ఊరికే పోలేదు. మా ఆయన సుత్తి తీసుకెళ్లి, ఆ పిల్ల ముందు మంచం మీద పెట్టాను.

"ఏంది వొదినా ఇది?"

"మీ అన్న నాగలి."

మరిదికి నవ్వాగలేదు. ఆ నవ్వు దగ్గైంది. దగ్గీ దగ్గీ, గోడ పట్టుకొని నిలబడ్డాడు. ఆ అమ్మాయి ట్యాబ్ పట్టుకొని, తొందరపెట్టకుండా కూర్చుంది.

"ఏం పని చేస్తారు బాబాయ్?"

"రాళ్లు కొడతా. వ్యవసాయం కూడా రాయమ్మా."

"ఎక్కువ రోజులు చేసేది ఏదో అదొక్కటే పడుద్ది."

మరిది సుత్తివైపు చూశాడు. "అయితే రాళ్లే."

బండి ఎప్పుడొస్తుందో ఆ పిల్లా చెప్పలేదు. ఒక్క మనిషి కోసం రాదు, అది నాకూ తెలుసు. సుత్తి తీసుకొని ఆమెకంటే ముందే వీధిలోకి నడిచాను. ఎదురింటి అక్క తలుపు ఇంకా వేసే ఉంది. సుత్తి పిడితో కొట్టాను.