చల్లారిన డబ్బాలు

వరండా చివరి గదిలో మైక్రోస్కోపు ముందు కూర్చునే ఆవిడని ఆస్పత్రంతా ల్యాబ్ అక్క అంటుంది. కళ్ళజోడు నెత్తి మీదికి తోసి, గాజుపలక మీద ఉప్పునీటి చుక్క వేసి, పుల్లతో మలం కలిపి చూస్తుంది. వాసనకి ఏనాడూ మొహం చిట్లించదు. ఆవిడకి ఒళ్ళు మండేది అటెండరు మీద. పొద్దున ఆరింటికి రోగుల దగ్గర పట్టిన మలం డబ్బాలన్నీ, టీ తాగి ముచ్చట్లాడి, పదకొండింటికి ఒకే ట్రేలో తెస్తాడు. అరగంట దాటితే కడుపునొప్పి తెచ్చే అమీబా చచ్చి ఊరుకుంటుంది, కదలందే కంటికి ఆనదు. "చల్లారిపోయాక నా మొహాన పడేస్తావేంటయ్యా" అని రోజూ అరుస్తుంది. అరిచి, రోజూ "అమీబా లేదు" అని రాసి సంతకం గీకుతుంది.

ఆ రోజు పెందలాడే ఒక కుట్టుపని మనిషి నాలుగోసారి వచ్చి, ఒక చేత్తో పొట్ట పట్టుకుని, మూడు పాత రిపోర్టు కాగితాలు బల్ల మీద పెట్టింది. "ఏమీ లేదని రాశారుగా అక్కా. పని ఎగ్గొట్టడానికి నాటకాలంటున్నాడు మా ఆయన." మూడింటి మీదా తన సంతకమే. అక్క ఖాళీ డబ్బా ఇచ్చి, పక్కనే ఉన్న బాత్రూము చూపించి, తలుపు దగ్గరే నిలబడింది. వెచ్చగా ఉండగానే పలక పెట్టి చూస్తే, అమీబా మెల్లగా పాకుతోంది. "రా, నువ్వే చూడు." ఆమె చాలాసేపు కన్ను తీయలేదు. "దీన్ని ఇంటికి తీసుకెళ్ళొచ్చా అక్కా? ఆయనకి చూపిస్తాను."

అక్క మూడు కాగితాల మీదా "లేదు" కొట్టేసి, "చల్లారి వచ్చింది, చెప్పలేను" అని కాగితం చిరిగేంత నొక్కి రాసింది. పదకొండింటికి ట్రే వచ్చింది. అందులోని పద్నాలుగింటికీ అదే రాసింది.