థర్మామీటరుగారి మందారం

మా చెల్లెలి భర్త కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. అతని గురించి రాసేటప్పుడు ముందుగా అతనికి రావలసిన మార్కులు వేసేయడం న్యాయం. అతని షిఫ్టులో సరుకు కుళ్లిందన్న ఫిర్యాదు ఎన్నడూ రాలేదు. ఒక్క యాపిల్ పండునైనా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చిన మనిషి కాదు. కూలీలకు జీతం ఆలస్యమైతే తానే యజమాని గదికి వెళ్లి అడుగుతాడు. ఇవన్నీ నిజాలే. వీటికి జోడించడానికి ఇంకేమైనా ఉందా అని చాలాకాలం వెతికాను. దొరకలేదు.

చలి మీద సర్వహక్కులూ తనవేనని అతని నమ్మకం. పాలు విరిగినా, పసిపిల్లకు జలుబు చేసినా, కిటికీ తలుపు బిగుసుకుపోయినా ఎన్ని డిగ్రీల దగ్గర ఏం జరుగుతుందో చెబుతాడు. అడగనివాళ్లకు ఇంకాస్త వివరంగా చెబుతాడు. వీధిలోవాళ్లు విసిగి అతనికి థర్మామీటరు అని పేరు పెట్టారు. ఆ పేరు మొదటిసారి చెవిన పడ్డప్పుడు బిరుదు అందుకున్నవాడిలా తల పంకించాడట. ఎగతాళిని కూడా సన్మానంగా స్వీకరించగల మనిషికి సలహా చెప్పడం ఎంత కష్టమో పాఠకులు ఊహించుకోవచ్చు.

మా ఊళ్లో చలికాలం గడ్డిమీద మంచు తెల్లగా గడ్డకడుతుంది. మందారానికి అది గిట్టదు. అయినా మా చెల్లెలు ఎర్ర ముద్దమందారాన్ని కుండీలో పెంచింది. మా అమ్మ చివరిదాకా ఉన్న అద్దె ఇంటి గోడపక్క చెట్టు నుంచి తెచ్చిన కొమ్మ అది. తర్వాత ఆ ఇంటిని కూల్చేశారు, చెట్టునూ కొట్టేశారు. అంటే ఈ కుండీలోది పోతే మళ్లీ తెచ్చుకోవడానికి చోటు లేదు. అందుకే చలి మొదలవకముందే ఆమె దాన్ని వంటింటి కిటికీ దగ్గరికి చేర్చేది, నీళ్లు తగ్గించేది, ఎండలు వచ్చాక మళ్లీ బయట పెట్టేది. ఇందులో గొప్ప విద్యేమీ లేదు. కాస్త జాగ్రత్త ఉంటే చాలు.

కిందటేడు అది విరగబూసింది. వచ్చినవాళ్లంతా ఎవరు పెంచారని అడగడం, మా చెల్లెలి పేరు వినబడడం థర్మామీటరుకు రుచించలేదు. ఆ వారంలోనే మొక్కను కుండీలోంచి తీసి, వీధికంతటికీ కనబడేలా గేటు పక్కన నేలలో పాతాడు. కుండీలో చెట్టును పెంచడం నామోషీ అన్నాడు. చలికాలం సంగతేమిటని మా చెల్లెలు అడిగితే, చలి గురించి తనకు చెప్పేంతదానివయ్యావా అని నవ్వాడు.

నేనూ చెప్పి చూశాను. మళ్లీ కుండీలోకి మార్చమన్నాను. అది వీల్లేదంటే, సాయంత్రాలు పాత దుప్పటిని నేలదాకా వదులుగా కప్పి పొద్దున్నే తీసేయమన్నాను.

"బావగారూ, మీరు పుస్తకాల్లో చదివారు. నేను చలిలో బతికాను," అన్నాడు.

"మీరు స్వెట్టరు వేసుకుని బతికారు," అంది మా చెల్లెలు, చేతిలో పని ఆపకుండా.

ఆ మాట అతనికి అంటలేదు. పెట్టెల దొంతరలకు చుట్టే పల్చటి ప్లాస్టిక్ చుట్టను యజమానిని అడిగి మరీ తెచ్చాడు. మొక్కను కొమ్మలూ ఆకులూ కలిపి నొక్కి, పైనుంచి కిందికి బిగించి చుట్టాడు. మొదలు దగ్గర మాత్రం గాలి ఆడాలని జానెడు వదిలేశాడు. గిడ్డంగిలో అలా చుట్టేది పండ్లలో తడి ఆరిపోకుండా ఉండడానికి. వెచ్చదనంతో ఆ పనికి సంబంధం లేదు. మొక్కకు వెచ్చదనం అందేది నేలలోంచి. అతను ఆ దారిని తెరిచి ఉంచి వెచ్చదనాన్ని బయటికి పంపించాడు, ఆకులకు ప్లాస్టిక్‌ను అంటించి చలిని లోపలికి పిలిచాడు. పెట్టెకూ ప్రాణమున్నదానికీ తేడా ఉంటుందన్న అనుమానం ఆ బుర్రలోకి రానేలేదు.

మంచు పడ్డ మర్నాడు చుట్ట విప్పితే ఆకులు ఉడికిన కూరలా నల్లబడి వేలాడుతున్నాయి.

తెలియక చేసిన పనిని నేను తప్పుపట్టను. ఆ తర్వాత చేసిన పని వేరు. మా చెల్లెలు నీళ్లు ఎక్కువ పోసి వేరు కుళ్లబెట్టిందని పాలవాడితో, మూలమీది దర్జీతో, దారినపోయే ప్రతివాడితో చెప్పాడు. నిజానికి మంచు పడ్డ ఆ వారమంతా ఆమె మా ఇంట్లో ఉంది. మా ఆవిడకు కంటి ఆపరేషనైతే సాయానికి వచ్చింది. ఆ మాటే అతనికి గుర్తుచేశాను.

"అయితే వెళ్లేముందు పోసుంటుంది," అన్నాడు.

మొదలు దగ్గర గోటితో గీరి చూశాను. బెరడు కింద పచ్చగా ఉంది. వేరు బతికే ఉందనీ, చుట్టూ ఎండుటాకులు పోసి, చలి పోయేదాకా ఎవరూ ముట్టుకోవద్దనీ ఇద్దరికీ చెప్పాను. మా చెల్లెలి ముఖం తేటపడింది. అతని ముఖం మాత్రం వాడిపోయింది. చిగురు వేస్తే కుళ్లిందన్న మాట ఏమవుతుంది?

కొన్నాళ్లకు ఆమె బజారుకు వెళ్లిన సమయం చూసి, పార పట్టుకున్నాడు. నేను వెళ్లేసరికి మొక్కను వేళ్లతో సహా పెకలించి సిమెంటు బాట మీద పడేశాడు.

"కుళ్లిందన్నావుగా బావా. ఎక్కడ?" అన్నాను.

లోపల కుళ్లి ఉంటుందని గొణిగాడు. ఒక వేరు తెంచి చూడమన్నాను. తెంచాడు. తెల్లగా, తడిగా, గట్టిగా ఉంది. గొంతు తగ్గించాడు. "ఆవిడకు చెప్పకండి బావగారూ. వీధిలో నా మాట పోతుంది."

భార్య ప్రాణంగా పెంచుకున్నది చచ్చినా ఫర్వాలేదు గాని తన మాట చావకూడదు. అతన్ని ఇన్నాళ్లూ వట్టి అజ్ఞాని అనుకోవడం అతనికి నేనిచ్చిన రాయితీ అని అప్పుడు తెలిసింది.

చెప్పవలసిన అవసరం రాలేదు. మా చెల్లెలు కూరల సంచితో గేటు దగ్గరే నిలబడి ఉంది. సంచి దించి, పైటచెంగు నడుముకు చుట్టి, పాత కుండీ తెచ్చి మొక్కను అందులో పెట్టి మట్టి నింపింది.

"అన్నయ్యా, మీ ముందుగదిలో ఎండపడే కిటికీ ఖాళీగా ఉందా?" అంది.

"మన వంటింటి కిటికీ ఉందిగా," అన్నాడతను.

"ఉంది. మీరు కూడా ఉన్నారు," అంది.

కుండీ మా ఇంటికి వచ్చింది. ఎండలు ముదిరాక మొదలు దగ్గర చిగురు పొడిచింది. మా చెల్లెలు రోజూ వచ్చి చూసుకుని వెళ్తుంది. థర్మామీటరు మాత్రం, మొక్కను తానే వైద్యానికి పంపించానని వీధిలో చెబుతున్నాడట. మొన్న నా దగ్గరికి వచ్చి, ఇక ఇంటికి తీసుకెళ్లవచ్చు కదా అన్నాడు. చెల్లెల్ని అడగమన్నాను. అడగాలంటే వేరు కుళ్లలేదని ముందు ఆమె ఎదుట ఒప్పుకోవాలి. ఇంతవరకూ అడగలేదు. కుండీ మా కిటికీలోనే ఉంది.