పగటిపూట వేసిన తలుపు

మొన్న మదనపల్లెలో బంధువుల ఇంటికి వెళ్లి కాలింగ్ బెల్లు నొక్కి నిలబడ్డాను. పట్టపగలు. వీధి పొడవునా తలుపులన్నీ వేసే ఉన్నాయి. మామిడిపళ్ల సంచి బరువుకి నా చెయ్యి జానెడు సాగుతుండగా, ఒకప్పుడు ఇదే వీధిలో ఉండిన మా మేనత్త, ఆమె మేడగదిలో అద్దెకు దిగిన ఫిన్లాండు అమ్మాయి గుర్తొచ్చారు.

అప్పట్లో మా ఇల్లూ ఈ వీధిలోనే. ఆ అమ్మాయి ఊళ్లో బడిపిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి వచ్చింది. వచ్చిన మొదటి ఆదివారం పొద్దున గది తలుపు వేసుకుంది. అంతే, వీధి గుండె ఆగింది. మా వీధిలో పగలు తలుపు వేశారంటే తిరుపతికైనా పోయుండాలి, మంచమైనా పట్టుండాలి. తిరుపతికి పోలేదని గుమ్మంలో చెప్పులు చెబుతున్నాయి. మా అత్త మనిషి పుంగనూరు ఆవంత పొట్టి, గొంతు మాత్రం హార్స్లీ హిల్స్ దాకా పొడుగు. మిరియాల కషాయంతో మెట్లెక్కింది. వెనకాల వేపమండలు, నిమ్మకాయలు, విభూతి పట్టుకుని సగం మదనపల్లె. "పాపా! బతికుండావా?" అని తలుపు బాదితే, పుస్తకం చేత్తో పట్టుకుని ఆ పిల్ల తెరిచింది. మమ్మల్ని చూసి ఎంత తెల్లబోయిందంటే, పక్కన సున్నం కొట్టిన గోడ మసిబారినట్టు కనిపించింది.

సాయంత్రానికి పెట్టె సర్దేసింది. కుప్పంలో స్నేహితురాలి దగ్గరికి వెళ్లిపోతుందట. "ఇక్కడ ఒక్క గంటైనా ఒంటరిగా ఉండనివ్వరు" అంది నాతో ఇంగ్లీషులో. అత్తకు తెలుగులో చెప్పాను. ఆమె మొహం వాడిపోయింది.

"ఒంటిగా ఉండాలని ఎవురైనా కోరుకుంటారాప్పా? మీ మామ పోయినాక నేను పగలు తలుపే ఎయ్యలేదు. ఏసుకుంటే ఇల్లు మింగేట్టుంటాది. ఆ పిల్లకీ అట్లే ఉంటాదేమోనని పోతిని."

జన్మలో ఉప్పూకారం కలపకుండా నేను ఇంకొకరికి చేరవేసిన మాట అదొక్కటే. విని ఆ అమ్మాయి పెట్టె మీదే కూర్చుండిపోయింది. చాలాసేపటికి కిందికి దిగి, పొద్దుటి కషాయం అడిగి, చల్లారిందే తాగింది.

మర్నాటి నుంచి ఒక ఒప్పందం. ఒంటరిగా ఉండాలనుకుంటే మెట్ల కమ్మీకి ఎర్ర తువ్వాలు వేస్తుంది. తువ్వాలు కనిపించగానే అత్త వీధిలో నిలబడి, "పాప ఒంటిగా ఉండాది! ఎవురూ పైకి పోవద్దండి!" అని ఎక్కడో రామకుప్పం చేలల్లో పడ్డ ఏనుగులు బెదిరి అడవికి మళ్లేలా అరుస్తూ కాపలా కాసేది. ఆ గోలలో ఒంటరితనం ఎలా దొరికిందో గానీ, ఆ పిల్ల మళ్లీ పెట్టె సర్దలేదు. సాయంత్రాలైతే తలుపు బార్లా తీసి కూర్చునేది.

పని ముగించుకుని తన ఊరికి చేరాక ఫోను చేసింది. అక్కడ ఒకరోజు తలుపు తీసిపెట్టి కూర్చుంటే, పక్కింటాయన కంగారుగా వచ్చి "ఒంట్లో బాగలేదా?" అని అడిగాడట. "సూస్తివా, ఆడా మంచోళ్లుండారు" అంది అత్త.

ఇప్పుడు అత్త లేదు. బెల్లు మళ్లీ నొక్కాను. లోపల అడుగుల చప్పుడు ఇంకా లేదు. తలుపు బయట నిలబడి గడిపే కాలం ఒకటుంటుందని ఆ రోజుల్లో మాకెవరికీ తెలియదు.