వాసన సబ్బు

పోయిన నెలలో ఒకరోజు పొద్దున్నే, హిందూపురంలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న కుక్కల సంరక్షణ కేంద్రం నుంచి ఫోను వచ్చింది. దాన్ని నడిపే అమ్మాయిది మడకశిర వైపు. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగిస్తుంది, మధ్యలో ఇంగ్లీషు వచ్చి పోతుంది. ఆ రోజు మాత్రం మెల్లగా, ఒక్కో మాటే చెప్పింది. "సార్, మీ చిన్నమ్మి నిన్నట్నుంచి ఏమీ ముట్టలేదు. గోడకు మొగం పెట్టుకోని కూచుండాది. మీ ఇంటి వాసన ఉండే గుడ్డ ఏదన్నా తెచ్చియ్యండి. ఉతకంది కావల్ల సార్."

చిన్నమ్మి నా భార్య పెంచిన కుక్క. జాతి కుక్క కాదు, తొమ్మిదేళ్ళ కిందట వానలో మా గేటు కింద దూరిన వీధికుక్క పిల్ల. నా భార్య పోయి ఎనిమిది నెలలైంది. నా కుడికంట్లో పొర ముదిరిపోయింది, ఇంక ఆలస్యం చేస్తే పుస్తకం చదవడం కష్టమని డాక్టరు చెప్పాడు. ఆపరేషను తర్వాత పన్నెండు రోజులు ధర్మవరంలో మా అమ్మాయి ఇంట్లో ఉండాలి. అది మేడమీద అద్దె ఇల్లు, ఇంటివాళ్ళు కుక్కలను రానివ్వరు. అందుకని చిన్నమ్మిని ముందు రెండు రోజులు ఆ కేంద్రంలో వదిలి చూద్దామనుకున్నాను. తింటే ఆపరేషను, తినకపోతే లేదు. తిండి మానేసిన ముసలి కుక్కను పన్నెండు రోజులు పెట్టుకోలేమని కేంద్రం అమ్మాయి ముందే చెప్పింది.

ఆ చోటు బాగుంటుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, మన ఈడు వాళ్ళకు మొదట నవ్వొస్తుంది, కాసేపు కూర్చుంటే నచ్చుతుంది. నీళ్ళు పోయడానికి నడుమెత్తు తొట్టి, ఆరబెట్టడానికి గాలి మిషను, గోళ్ళు తీయడానికి రెండు మూడు రకాల కత్తెరలు. వెనక ఖాళీ స్థలంలో చిన్నపిల్లల జారుడుబల్ల ఒకటి, నీళ్ళ టబ్బులో రంగు బంతులు. ఒక లావుపాటి కుక్క జారుడుబల్ల ఎక్కి, కిందికి జారకుండా పైనే కూర్చుని అందరినీ అడ్డగించడం, ఆ అమ్మాయి దాన్ని "ఏమబ్బా, ఈడేమన్నా ఇల్లు కట్టుకుంటావా?" అని గదమాయించడం చూసి నేను చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాను. ఆ సంతోషంలోనే, చిన్నమ్మికి కూడా మంచి షాంపూతో స్నానం చేయించి, దువ్వి, శుభ్రంగా ఉంచమని నేనే అడిగాను. ఫోను పెట్టేశాక నాకు తట్టింది ఆ సంగతే. అరవై ఏళ్ళ కిందట చేసిన తప్పే మళ్ళీ చేశాను.

మా ఊరు పెనుకొండకు నాలుగు మైళ్ళు. మాకు కొద్దిగా మెట్ట, ఎనభై దాకా గొర్రెలు. వేరుశనగ పీకేశాక రైతులు మందను తమ చేలో ఆపమని అడిగేవారు. గొర్రెలు చేలోనే పడుకుంటే ఎరువు చేనికి, గింజలు మాకు. మందకు కాపలా ఒక కుక్క ఉండేది. బూడిదరంగు కాబట్టి బూదిగాడు అనేవాళ్ళం. మందకుక్కను పెంచే పద్ధతి వేరు. కళ్ళు తెరిచిన కొద్దిరోజులకే పిల్లను తెచ్చి గొర్రెపిల్లల దొడ్లో వదిలేవారు. ఈనిన గొర్రె పాలే తాపేవారు. ఇంట్లోకి రానిచ్చేవారు కాదు, మమ్మల్ని ఎత్తుకోనిచ్చేవారు కాదు. అది గొర్రెల మధ్య పడుకుని, గొర్రెల వాసన పట్టి, తనూ ఒక గొర్రెనే అనుకోవాలి, గొర్రెలూ అలాగే అనుకోవాలి. దానికి నీళ్ళు పోయడమన్నది ఎవరూ తలపెట్టని పని.

నేను తలపెట్టాను. పెనుకొండ బడికి పోయే దారిలో ఒక ఆఫీసరు బంగళా ఉండేది. అక్కడి కుక్కకు వారానికోసారి స్నానం, దువ్వెన, మెడకు తోలుపట్టీ. మా తరగతి పిల్లలంతా గోడ మీదుగా దాన్ని చూసేవాళ్ళు. మీ కుక్క ఒళ్ళంతా పిడుదులే కదరా అని ఒకడు నన్ను ఎగతాళి చేశాడు. అప్పుడు హిందూపురంలో ఉన్న మేనత్త మా అమ్మకు ఒక వాసన సబ్బు ఇచ్చి ఉండింది. శీకాయ తప్ప తెలియని ఇంట్లో ఆ సబ్బు ట్రంకుపెట్టె అడుగున, చీరల మధ్య ఉండేది. ఒక శనివారం మధ్యాహ్నం దాన్ని తీసుకుపోయి, బూదిగాణ్ణి వంక నీళ్ళలో నిలబెట్టి, సగం సబ్బు అరిగేదాకా రుద్దాను. అవ్వ పేల దువ్వెనతో పిడుదులన్నీ తీశాను. అది కదలకుండా నిలబడింది. అంత అందమైన కుక్కను నేను ఇంతవరకు చూడలేదు.

పొద్దు వాలేటప్పుడు మందను మళ్ళించడానికి బూదిగాడు ఎప్పటిలా గొర్రెల మధ్యలోకి పోయాడు. ముందున్న గొర్రె తలెత్తి, ముక్కు పైకెత్తి, ఒక్క దూకు దూకింది. అంతే, మందంతా చెదిరిపోయింది. బూదిగాడు అడ్డం పోయేకొద్దీ అవి ఇంకా బెదిరాయి. ఆ చేను గట్టున ఒరలేని పాడుబావి ఒకటి ఉండేది. చూలు గొర్రె ఒకటి అందులో పడింది. మా నాయన తాడు పట్టుకుని దిగి, వట్టి చేతులతో పైకి వచ్చి, పైగుడ్డతో మొగం తుడుచుకున్నాడు. బూదిగాడు దూరంగా, మందకు వీపు పెట్టి కూర్చున్నాడు.

నన్ను చంపేస్తారనుకున్నాను. నాయన నా దగ్గరికి వచ్చి, నా చేతులు వాసన చూశాడు. "పోనీలే. దానికి మంచి చేస్తామనే కదా చేసినావు" అన్నాడు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఆ మాట ఎత్తలేదు. మా చిన్నాయనే ఊరుకోలేదు. గొర్రెలు బెదిరే కుక్క మందకెందుకు, రొళ్ళ తట్టు బంధువులకు ఇచ్చేద్దాం అని, "ఈ సబ్బుల దొరను గూడా ఆ కుక్కతోనే పంపిస్తామా ఏమప్పా?" అని నావైపు చూశాడు. అందరూ నవ్వారు. బూదిగాడు పోతాడన్న భయంతో నాకు అన్నం దిగలేదు. బూదిగాడూ సంగటి ముట్టలేదు.

కాపాడింది మా అవ్వ. "వాసన పోయింది గానీ పానం పోలేదు గదరా. వాసన మళ్ళా వస్తాది" అని, బూదిగాణ్ణి గొర్రెపిల్లల దొడ్లో కట్టేసి, ఆ పని నాకే పురమాయించింది. కత్తిరించిన ఉన్ని, దొడ్డి దుమ్ము, కొంచెం గొర్రె పాలు కలిపి మూడు రోజులు దాని ఒళ్ళంతా రుద్దాను. నేను చేసిన అందమంతా నా చేతులతోనే చెరిపేశాను. మూడో రోజు, ఒంటికన్ను ముసలి గొర్రె ఒకటి వచ్చి, దాని మెడ దగ్గర వాసన చూసి, పక్కనే పడుకుని నెమరు వేయసాగింది. బూదిగాడు ఆ సాయంత్రం సంగటి తిన్నాడు. రొళ్ళకు పోలేదు.

ఉతకని గుడ్డ అనగానే నాకు తెలుసు ఏది తీసుకుపోవాలో. మా పెళ్ళికి నాయన తన మంద ఉన్నితోనే ఊళ్ళో నేయించి ఇచ్చిన కంబళి. నా భార్య ధర్మవరంలో పట్టు మగ్గాల మధ్య పుట్టి పెరిగిన మనిషి. మొదటిరోజే ముక్కు మూసుకుని, "దీనికన్నా గొర్రెనే కప్పుకోవచ్చు కదా" అంది. తర్వాత నలభై మూడేళ్ళు దాన్ని వదల్లేదు. చలికాలం మోకాళ్ళ మీద అది, దాని అంచు మీద చిన్నమ్మి. ఆమె పోయాక మా అమ్మాయి ఇంట్లో గుడ్డలన్నీ ఉతికించింది. కంబళిని మాత్రం నేను పెట్టెలో దాచాను. ఎప్పుడైనా పెట్టె మూత ఎత్తేవాణ్ణి. ఎందుకో మీకు వేరే చెప్పనక్కరలేదు.

దాన్ని కుక్క కింద వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అయినా ఆ రోజు మధ్యాహ్నం మడిచి సంచిలో పెట్టుకుని పోయాను. చిన్నమ్మి పూలవాసన కొడుతూ, మెత్తగా, బొమ్మలా ఉంది. నన్ను చూసి తోక కదిలించింది కానీ లేవలేదు. కంబళి పరిచాను. అది లేచి, ఒక కొసనుంచి ఇంకో కొసదాకా వాసన చూసి, మూడుసార్లు తిరిగి, ఒక మూల ముక్కు దూర్చి పడుకుంది. చాలాసేపటికి గిన్నె దగ్గరికి పోయింది. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ కన్నడంలో ఏదో అంది.

ఆపరేషను బాగా జరిగింది. పన్నెండు రోజుల తర్వాత ధర్మవరం నుంచి వచ్చి కేంద్రానికి పోతే, చిన్నమ్మి గేటు దాకా ఎదురొచ్చింది. ఆ అమ్మాయి లోపలినుంచి ప్లాస్టిక్ కవరు తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో ఇస్త్రీ చీరలా మడతపెట్టిన కంబళి. "మీకు ఇచ్చేటప్పుడు శుభ్రంగా ఉండల్లని నేనే రెండుసార్లు ఉతికి ఆరేసినా సార్" అంది. కవరు మూతి తెరిచాను. చిన్నమ్మి ఒంటి మీది పూలవాసనే.

నేను ఆ పిల్ల చేతులకేసి చూశాను. నీళ్ళలో నాని వేళ్ళు ముడతలు పడి ఉన్నాయి. "మంచి పని చేసినావమ్మా" అన్నాను. బావిలోనుంచి పైకి వచ్చినప్పుడు నాయనకు మనసులో ఎలా ఉండిందో నాకు అప్పుడు తెలిసింది.

ఇప్పుడు మా ఊరి చుట్టూ ప్లాట్లు, ఫ్యాక్టరీకి పోయే బస్సులు. మంద ఆపమని అడిగే రైతూ లేడు, ఆపే మందా లేదు. కుక్కలకు జారుడుబల్లలు వచ్చాయి, అందుకు నాకు దిగులు లేదు. బూదిగాడు చూసి ఉంటే తనూ ఎక్కేవాడు.

సాయంత్రాలు కొత్త కంటితో చదువుకుంటూ, కంబళిని కుర్చీ పక్కన పరుస్తాను. నాలుగు రోజుల్లో దానికి కుక్క వాసన పట్టింది. వాసన మళ్ళా వస్తాదని అవ్వ చెప్పింది బూదిగాడి గురించి. చిన్నమ్మికి ఆ మాట ఎవరూ చెప్పలేదు, అయినా పడుకునే ముందు అది రోజూ ఆ కొసనుంచి ఈ కొసదాకా వెతుకుతుంది. అది వెతకడం అయ్యేదాకా నేను పేజీ తిప్పను.